చెయిన్ సా పదును: చేతి ఆకురాయా, గ్రైండరా?

చెయిన్ సా కొన్న కొద్దిరోజులకే చాలామందికి ఈ ప్రశ్న ఎదురవుతుంది. ఇంజిన్ బాగానే స్టార్ట్ అవుతుంది, చప్పుడూ బాగానే ఉంటుంది, కానీ మాను మీద పెడితే దిగదు. బలం పెట్టి నొక్కాల్సి వస్తుంది, పొగ లేస్తుంది, పలుకులకు బదులు సన్నటి పొట్టు రాలుతుంది. అప్పుడు ఒకాయన "ఫైలు (ఆకురాయి) కొట్టుకో, చాలు" అంటాడు. ఇంకొకాయన "ఈ కాలంలో ఇంకా ఫైలేంటి, గ్రైండర్ కొనెయ్" అంటాడు. ఇద్దరూ తమ పనిని బట్టి చెబుతున్నారు. మీరేం కోస్తారు, ఎక్కడ కోస్తారు, ఎన్ని చెయిన్లు ఉన్నాయి అని ఎవరూ అడగలేదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఒకటో రెండో మిషన్లు ఉన్నవాళ్ళు ఆకురాయి పట్టడం నేర్చుకోవాలి, గ్రైండర్ పని ఏడాదికి కొన్నిసార్లు షాపులో చేయించుకోవాలి. రోజూ సంచెడు చెయిన్లు మొద్దుబారే చోట మాత్రం మంచి బెంచ్ గ్రైండర్ కొనాలి. ఈ రెంటికీ మధ్యలో, ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే ప్లాస్టిక్ బాడీ గ్రైండర్ ఒకటుంది. ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది దాని దగ్గరే.

దేనివల్ల మొద్దుబారుతోంది?

అన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది ఇదే. శుభ్రమైన కర్ర కోస్తూ పోతే పంటి అంచు నెమ్మదిగా గుండ్రబడుతుంది. నేల మీద పడున్న దుంగను కోస్తూ బార్ (చెయిన్ చుట్టూ తిరిగే పొడవాటి ఇనుప పట్టీ) కొన మట్టిలోకి దిగితే కథ వేరు. పూర్తి వేగంలో చెయిన్ సెకనుకి సుమారు 20 మీటర్లు పరిగెడుతుంది. అంటే ఒక్క సెకనులో ప్రతి పన్నూ పదిసార్లకు పైగా మట్టిలోంచి వెళ్ళొస్తుంది. ఇక మేకు తగిలితే కొన్ని పళ్ళ మూలలే విరిగిపోతాయి.

పంటి పైభాగానికి గట్టి క్రోమ్ పూత ఉంటుంది. కోసేది ఆ పూత అంచు, దాని కింద ఉక్కు ఆనుకుని ఉంటుంది. మామూలు అరుగుదలలో అంచు వెనక్కి వెంట్రుకవాసి జరిగితే చాలు, మళ్ళీ తాజా క్రోమ్ దొరుకుతుంది. ఆకురాయితో పంటికి రెండు మూడు తోపులతో అయిపోతుంది. మట్టి తిన్న పంటికి మూలలో క్రోమ్ కొంతదూరం ఊడిపోయి ఉంటుంది. పైపైన ఎంత తళతళలాడించినా, ఆ ఊడిన భాగం దాటి వెనక్కి వెళ్ళేదాకా అది కోయదు. "ఫైలు కొట్టాను సార్, అయినా తెగట్లేదు" అనేవాళ్ళలో చాలామంది సమస్య ఇదే. పంటిని ఎండకు ఎదురుగా పట్టుకుని చూడండి. పదునైన అంచు మీద వెలుగు నిలవదు. మొద్దుబారిన అంచు వెంట సన్నటి తెల్లగీత మెరుస్తుంది. ఆ గీత పూర్తిగా పోయేవరకు, ముఖ్యంగా మూల దగ్గర, పని అవ్వలేదని అర్థం.

మూల అంత ముఖ్యం ఎందుకంటే, ఈ రకం పన్ను పక్కనుంచి నారను తెంపి, పైఅంచుతో పలుకును లేపుతుంది. అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో జోసెఫ్ కాక్స్ అనే ఆయన, అడవిలో కర్రను తొలిచే పురుగు దవడలు ఎలా పనిచేస్తున్నాయో గమనించి ఈ పంటిని రూపొందించాడు. 1947లో దాని మీదే కంపెనీ పెట్టాడు. ఈరోజు మన దగ్గర దొరికే చెయిన్లన్నీ దాదాపు ఆ పద్ధతివే.

బెంగళూరు రోడ్ల పక్క చెట్లు కోసేవాళ్ళకి అసలు శత్రువు కర్ర కాదు. నిద్రగన్నేరు, గుల్‌మొహర్ మాన్లకు కొట్టిన పీజీ బోర్డులు, టూలెట్ బోర్డులు, ఫ్లెక్సీల తాలూకు మేకులు. బోర్డు ఎప్పుడో ఊడిపోతుంది, మేకు బెరడు లోపలికి వెళ్ళి కనిపించకుండా ఉంటుంది. చుట్టిన కేబుల్ వైర్లనీ చెట్టు మింగేస్తుంది. అలాంటి చెయిన్‌ని ఆకురాయితో బాగుచేయాలంటే చేతులు పడిపోతాయి. కోలారు, శ్రీనివాసపురం, ముళబాగిలు వైపు తోటలున్నవాళ్ళకి మేకులు తక్కువ, మట్టి ఎక్కువ. మామిడి కొమ్మలు కత్తిరించేటప్పుడు చెయిన్ చాలాసేపు నిలుస్తుంది. ఎండిన చింత మొద్దు, ఇసుక పట్టిన సరుగుడు బెరడు, కొబ్బరి మాను మాత్రం త్వరగా తినేస్తాయి. కాబట్టి బెంగళూరులో ఉండి శనాదివారాలు తోటకెళ్ళే మనిషికీ, ఊళ్ళో చెట్లు కొట్టే కాంట్రాక్టరుకీ ఒకే సలహా పనికిరాదు.

మిగతా లెక్కలు

రెండోది, ఎన్ని పళ్ళు. మామూలు చెయిన్‌లో రెండు డ్రైవ్ లింకులకు, అంటే బార్ గాడిలో నడిచే కింది లింకులకు, ఒక పన్ను ఉంటుంది. 72 లింకుల చెయిన్‌కి 36 పళ్ళు. చవక రకం 58 సీసీ మిషన్లకు వచ్చే 22 అంగుళాల బార్ మీద 86 లింకులుంటే 43 పళ్ళు. చెయ్యి తిరిగినవాడికి మామూలు పదునుకి పది పదిహేను నిమిషాలు. రోజుకి ఒక చెయిన్ అయితే అది పనే కాదు. పది చెయిన్లయితే పూట గడిచిపోతుంది.

మూడోది, కరెంటు. తోటలో కరెంటు ఉన్న వేళకి మీరుండరు, మీరున్న వేళకి కరెంటుండదు. ఆకురాయికి ఆ బాధ లేదు. ట్యాంకు పెట్రోలు అయిపోయి మళ్ళీ నింపే వ్యవధిలోనే మొద్దు మీద మిషన్ పెట్టి రెండేసి తోపులు తోయొచ్చు. పూర్తిగా మొద్దుబారాక చేసే గంట పని కంటే ఇలా చేసుకోవడం ఎంతో సుఖం, ఇంజిన్‌కీ మంచిది.

నాలుగోది, చెయిన్ రకం. ఉక్కు కంటే చాలా గట్టిదైన కార్బైడ్ ముక్కలు అతికించిన చెయిన్‌కి మామూలు ఆకురాయి పనిచేయదు, డైమండ్ వీల్ కావాలి. మామూలు ఉక్కు చెయిన్లలో మూల చదరంగా ఉండేవి శుభ్రమైన కర్రలో వేగంగా కోస్తాయి, మట్టి తగిలితే వెంటనే చస్తాయి. మూల కాస్త గుండ్రంగా ఉండే సెమీ చిజెల్ రకం కొంచెం నిదానం, కానీ దుమ్మును ఓర్చుకుంటుంది. కొత్తవాళ్ళు ఆకురాయితో చేసే చిన్న తేడాలనూ ఓర్చుకుంటుంది. మన పనులకి నేను సెమీ చిజెలే కొనమంటాను.

ఇక చూపు. నలభై దాటాక ఆ తెల్లగీత కనబడటం కష్టమే. తలకు కట్టుకునే లైటు, చదువుకునే కళ్ళద్దాలు కూడా ఈ పనిముట్ల లిస్టులో రాసుకోండి.

ఆకురాయి సైజు తప్పితే అన్నీ తప్పుతాయి

పిచ్ అంటే వరసగా మూడు రివెట్ల మధ్య దూరంలో సగం. బార్ మీదో, చెయిన్ ప్యాకెట్ మీదో రాసి ఉంటుంది.

| చెయిన్ పిచ్ | గుండ్రటి ఆకురాయి | ఎక్కువగా కనిపించేది |
|---|---|---|
| 3/8 లో ప్రొఫైల్ | 4.0 మి.మీ. | చిన్న మిషన్లు, కరెంటు, బ్యాటరీ రంపాలు |
| 0.325 | 4.8 మి.మీ. | తోట పనికి వాడే మధ్యరకం మిషన్లు |
| 3/8 మామూలు | 5.2 లేదా 5.5 మి.మీ. | పెద్ద మిషన్లు |
| 0.404 | 5.5 మి.మీ. | భారీ దుంగల పని |

3/8 అని రెండు రకాలున్నాయని చాలామందికి తెలియదు. షాపులో "త్రీ ఎయిట్ ఫైలు" అని అడిగితే ఏదో ఒకటి ఇచ్చేస్తారు. పాత చెయిన్ ముక్క చేతిలో పట్టుకెళ్ళండి.

అన్నీ పక్కపక్కన

| | ఉత్త ఆకురాయి | గైడుతో ఆకురాయి | చవక గ్రైండర్ | మంచి బెంచ్ గ్రైండర్ | షాపు |
|---|---|---|---|---|---|
| నేర్చుకునే శ్రమ | ఎక్కువ | తక్కువ | మధ్యస్థం | మధ్యస్థం | లేదు |
| కోణం నిలకడ | చేతిని బట్టి | బాగుంటుంది | ఊగుతుంది | చాలా బాగుంటుంది | మనిషిని బట్టి |
| తోటలో వాడకం | అవును | అవును | కరెంటుంటేనే | కుదరదు | కుదరదు |
| మేకు తగిలిన చెయిన్ | చాలా శ్రమ | శ్రమ | అవుతుంది | తేలిక | తేలిక |
| చెయిన్ ఆయుష్షు | ఎక్కువ | ఎక్కువ | తక్కువ | జాగ్రత్తను బట్టి | అడిగి చేయించాలి |
| పన్ను కాలే భయం | లేదు | లేదు | ఎక్కువ | ఉంది | ఉంది |

చేతి ఆకురాయి

ఉత్త ఆకురాయి పట్టి ముప్పై డిగ్రీల కోణం నిలబెట్టడం మాటల్లో తేలిక. కుడిచేతి వాటం వాళ్ళకి ఒక వైపు పళ్ళు బాగా వస్తాయి, రెండో వైపు కురచగానో ఏటవాలుగానో పోతాయి. కొన్నాళ్ళకి రంపం నిటారుగా దిగకుండా ఒక పక్కకి వంపు తిరుగుతుంది. బార్ వంగిందనుకుని బార్ మార్చేవాళ్ళున్నారు. ముందు రెండు వైపుల పళ్ళ పొడవు కొలవండి.

అందుకే మొదటి నుంచీ గైడుతో చేయడం మంచిది. ఆకురాయి మీద బిగించే రేకు గైడు చవక, దాని మీద 30 డిగ్రీల గీతలుంటాయి, గీత చెయిన్‌కి సమాంతరంగా ఉంటే కోణం సరిపోయినట్టే. ఇంకొంచెం పెడితే టూ ఇన్ వన్ అనే గైడు వస్తుంది. అందులో రెండు గుండ్రటి ఆకురాళ్ళు, ఒక బల్లపరుపు ఆకురాయి ఉంటాయి, ఒకే తోపులో పన్నూ, దాని ముందున్న బొడిపె కూడా అరుగుతాయి. ఆ బొడిపెనే రేకర్ అంటారు. పన్ను ఒక్కసారికి ఎంత లోతు తినాలో నిర్ణయించేది అది. నా ఓటు ఈ రెండో గైడుకే. కాకపోతే మీ పిచ్‌కి తగ్గదే కొనాలి, ఒకటి కొని అన్ని చెయిన్లకీ వాడటం కుదరదు.

పద్ధతి పెద్దదేం కాదు. ఇంజిన్ ఆపి, ప్లగ్ క్యాప్ తీసి, బ్యాటరీ మిషన్ అయితే బ్యాటరీ తీసేసి, గ్లవ్స్ వేసుకోండి. చెయిన్ కదలకుండా బ్రేక్ వేయండి, ముందుకు జరపాల్సినప్పుడు తీయండి. ఆకురాయి లోపలి వైపు నుంచి బయటికే తోయాలి, వెనక్కి తెచ్చేటప్పుడు పైకెత్తాలి. ముందుకీ వెనక్కీ రుద్దితే దాని పళ్ళే పోతాయి. ఆకురాయి మందంలో అయిదో వంతు పంటి పైఅంచు కంటే పైకి కనబడాలి. బాగా కిందికి దిగితే అంచు కొక్కెంలా వంగి తొందరగా విరుగుతుంది, బాగా పైకుంటే మొద్దుగా వాలిపోయి కర్రను కరవదు. అన్నిటికంటే పొట్టిగా ఉన్న పన్ను వెతికి, దాంతో మొదలుపెట్టి మిగతావాటిని దాని పొడవుకి తేవాలి. ఒక పంటికి ఎన్ని తోపులో, అన్నిటికీ అన్నే.

మూడు నాలుగు పదునులకొకసారి రేకర్ చూసుకోవాలి. పంటి కంటే అది 0.65 మి.మీ. కిందికుండాలి, 0.404 చెయిన్‌కైతే 0.8. గేజ్ అనే చిన్న రేకుతో కొలిచి బల్లపరుపు ఆకురాయితో తగ్గిస్తారు. పన్ను అరిగేకొద్దీ పైఅంచు ఎత్తు కొంచెం కొంచెం తగ్గుతుంది, రేకర్ ఎత్తు మాత్రం అలాగే ఉంటుంది. అందుకే పదునుగా ఉన్నా చెయిన్ కర్ర మీద జారుతూ సన్నపొట్టు పోస్తుంది. ఇంకా వేగంగా కోయాలని రేకర్లను ఇష్టమొచ్చినట్టు దించేస్తే మిషన్ ఎగిరి వెనక్కి కొడుతుంది. ఇందులో సాహసాలు వద్దు.

చవక గ్రైండర్

కాగితం మీద చూస్తే దీనికి లోటేమీ ఉండదు. కోణం తిప్పుకోవచ్చు, చెయిన్ బిగించవచ్చు, లీవరు దించితే పని అవుతుంది. తేడా అంతా బిగింపులో ఉంటుంది. చెయిన్‌ని పట్టే దవడలు వదులుగా ఉంటే వీల్ తగిలినప్పుడల్లా పన్ను కాస్త పక్కకు ఒరుగుతుంది. ఎడమ పళ్ళు ఒక పొడవు, కుడి పళ్ళు ఇంకో పొడవు వస్తాయి. తల మొత్తం ప్లాస్టిక్ కీలు మీద ఆధారపడితే, లీవరు మీద వేలి బలం మారినా లోతు మారుతుంది. షాపులో ఉండగా కరెంటు లేకుండానే తలను పట్టుకుని పక్కలకు ఊపి చూడండి. చేతికి తెలిసేంత ఆట ఉంటే అక్కడే వదిలేయండి.

మేకు తగిలిన చెయిన్లు తరచూ వచ్చి, షాపు దూరమై, పెద్ద గ్రైండర్ కొనే స్తోమత లేకపోతే ఇదీ పనికొస్తుంది, అయితే ముతక పనికి మాత్రమే. విరిగిన మూలలు దాటేదాకా దీంతో వెనక్కి తెచ్చి, ఆఖరి అంచు ఆకురాయితో పెట్టుకోండి. అలా వాడుకునేవాళ్ళు సంతృప్తిగానే ఉన్నారు.

యాంగిల్ గ్రైండర్‌కి పల్చటి కటింగ్ డిస్క్ వేసి చేతిపట్టున పదును పెట్టడం ఊళ్ళో చూస్తుంటాం. చేసేవాళ్ళకి నైపుణ్యం ఉందనుకుందాం. అయినా ఆ డిస్క్‌కి పంటి లోపలి వంపు రాదు, ఒక జారుకి పక్కనున్న లింకు మీద గాటు పడుతుంది, గాటు పడ్డ లింకు పని మధ్యలో తెగుతుంది. మీ మిషన్‌కి ఎవర్నీ అలా చేయనివ్వకండి.

మంచి బెంచ్ గ్రైండర్

ఇనుప బాడీ, గట్టి దవడలు, సరైన మందం వీల్ ఉంటే 36 పళ్ళూ అచ్చుపోసినట్టు వస్తాయి. 3/8 లో ప్రొఫైల్‌కి 3.2 మి.మీ. వీల్, మామూలు 3/8కి 4.7 మి.మీ. వీల్. 0.325కి చెయిన్ మోడల్‌ని బట్టి ప్యాకెట్ మీద రాసింది చూసుకోవాలి. రేకర్లకి వేరే మందపు వీల్ ఉంటుంది.

దీని ప్రమాదం వేడి. వీల్‌ని పంటి మీద ఆనించి ఉంచేస్తే రెండు మూడు సెకన్లలో అంచు నీలం తిరుగుతుంది. అక్కడ ఉక్కు గుణం మారిపోతుంది. కొన్నిసార్లు మెత్తబడి నాలుగు కోతలకే మొద్దుబారుతుంది, కొన్నిసార్లు గట్టిపడి తర్వాత ఆకురాయి పెడితే జారిపోతుంది. తాకించి తీసి, తాకించి తీసి చేయాలి. ఎక్కువ తీయాల్సి ఉంటే చెయిన్ మొత్తం ఒక చుట్టు కొంచెం, రెండో చుట్టు ఇంకొంచెం. వీల్ వాడేకొద్దీ దాని గుండ్రటి అంచు చదునైపోతుంది, సూక్ష్మ రంధ్రాలు ఇనుప పొడితో మూసుకుపోతాయి, అప్పుడు కోయడం మాని కాలుస్తుంది. డ్రెస్సింగ్ రాయితో తరచూ అంచు దిద్దాలి. సీబీఎన్ (క్యూబిక్ బోరాన్ నైట్రైడ్) అనే చాలా గట్టి పదార్థపు వీల్ అయితే దిద్దే పని లేదు, చల్లగా కోస్తుంది, ధర ఎక్కువ. రోజూ పనున్నవాళ్ళకి గిట్టుబాటే.

కళ్ళద్దాలు, మాస్కు లేకుండా దీని ముందు నిలబడొద్దు. విదేశం నుంచి బంధువుల చేత తెప్పించుకునేవాళ్ళు వోల్టేజి చూడండి. అమెరికా మిషన్లు 120 వోల్టులవి, మన 230లో పెడితే మోటారు కాలిపోతుంది. గ్రైండింగ్ అయ్యాక చెయిన్‌ని కిరసనాయిలులో కడిగి, ఆయిలులో నానబెట్టి ఎక్కించండి. వీల్ పొడి రివెట్లలో ఉండిపోతే బార్ గాడినీ, చెయిన్‌ని తిప్పే పళ్ళచక్రమైన స్ప్రాకెట్‌నీ తినేస్తుంది.

ఎవరికి ఏది

సర్జాపూర్‌లోనో కె.ఆర్. పురంలోనో ఉంటూ, నెలకి ఒకట్రెండు సార్లు తోటకెళ్ళేవాళ్ళు: గైడుతో ఆకురాయి, దాంతో పాటు రెండో చెయిన్. మట్టి తగిలితే తోటలో కుస్తీ పట్టకుండా రెండోది ఎక్కించి, మొదటిది బెంగళూరుకి తెచ్చి షాపులో ఇవ్వండి. గ్రైండర్ కొంటే ఏడాదంతా బాల్కనీలో దుమ్ము పట్టడమే.

తోటలో జీతానికి మనిషిని పెట్టినవాళ్ళు: ఇక్కడ మెళకువ ఆ మనిషికి రావాలి. "అన్నా, చెయిన్ పోయింది, కొత్తది ఏసేద్దాం" అని ప్రతిసారీ ఫోనొస్తుంటే, ఒక ఆదివారం కూర్చుని గైడు పట్టడం నేర్పించండి. ఇంకో చెయిన్ కొనే ముందు, తీసేసిన పాత చెయిన్లు ఒకసారి చూడండి. పంటి పొడవు 4 మి.మీ. కంటే ఎక్కువ మిగిలి, లింకుల్లో పగుళ్ళు లేకపోతే అవి ఇంకా బతికున్నట్టే.

ఊళ్ళో చెట్లు కొట్టే టీములు: రెండూ కావాలి. సైటులో ఆకురాయి, సాయంత్రం గోడౌన్‌లో బెంచ్ గ్రైండర్. గాలివాన వచ్చిన మర్నాడు పిలుపులు వరసగా వస్తాయి, అప్పుడు షాపు దగ్గర క్యూలో నిలబడే తీరిక ఉండదు. ఏప్రిల్, మే ముంచుకు రాకముందే చెయిన్లన్నీ గ్రైండ్ చేసి పెట్టుకోవడం తెలివి. ఒక మెటల్ డిటెక్టర్ కొని మానుని ముందే తడిమి చూసే టీములు పదును మీద పెట్టే ఖర్చు సగం అక్కడే మిగుల్చుకుంటాయి.

మైసూరు రోడ్డు టింబర్ యార్డ్ వైపు డిపోలు, మిషన్లు అద్దెకిచ్చే షాపులు: ఆలోచించే పనే లేదు, మంచి గ్రైండర్ కొనండి. అద్దెకెళ్ళిన చెయిన్ ఎలా తిరిగొస్తుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

పలకలు కోసే రిప్పింగ్ చెయిన్ వాడేవాళ్ళకి ఒక మాట: దాని కోణం 10 డిగ్రీలు. షాపువాడు అలవాటుగా 30కి తిప్పేస్తాడు. చెప్పి ఇవ్వాలి.

కొనేటప్పుడు, షాపులో ఇచ్చేటప్పుడు

బెంగళూరు ఎస్.జె.పి. రోడ్డులో ఆకురాళ్ళు, గైడులు దొరుకుతాయి. పేరున్న కంపెనీలవి, స్టీల్ (Stihl), హస్క్‌వర్నా, ఒరెగాన్ లాంటివి, డీలర్ల దగ్గర తీసుకుంటే నకిలీ బాధ తక్కువ. ఆకురాయిని డజను పెట్టె కొనడం లాభం, ఎందుకంటే అది కూడా అరిగిపోయే సరుకే. తోస్తున్నప్పుడు గరగర మాని జారుతుంటే మార్చేయండి. తుప్పు పట్టకుండా విడివిడిగా కాగితంలో చుట్టి పెట్టుకోండి, ఆయిలు మాత్రం తగలనివ్వకండి.

షాపులో చెయిన్ ఇచ్చేముందు మూడు మాటలు అడగండి: ఎంత డిగ్రీ పెడతారు, వీల్ ఎప్పుడు దిద్దారు, రేకర్లు కూడా చూస్తారా. "అవన్నీ చూస్కుంటాం సార్" అని మాట దాటేస్తే ముందు ఒక పాత చెయిన్ ఇచ్చి చూడండి. తిరిగొచ్చాక వెలుతురులో ఒక్కో పన్నూ గమనించండి. నీలం మరక ఉందా, ఎడమ కుడి పళ్ళు ఒకే పొడవున్నాయా, పంటి అడుగున లింకు మీద వీల్ గాటు పడిందా. గాటు కనబడితే ఆ చెయిన్ మిషన్‌కి ఎక్కించకుండా అక్కడే షాపువాడికి చూపించండి.